రెండున్నర చుట్లు

బిష్కెక్ నగరం మొత్తంలో గిటార్‌ని సొంత చేత్తో, తీగల ఎత్తు దగ్గర్నుంచి, సెటప్ చేసుకోవడంలో నన్ను మించినవాడు లేడు. నాలుగేళ్లుగా ఈ మాట అందరికీ చెబుతూనే ఉన్నాను. నమ్మనిది ఒక్క నా గిటారే. దాని మూడో తీగ ఎప్పుడు మీటినా జలుబు చేసిన మేకలా దగ్గుతుంది.

అయినా టెక్నీషియన్ గడప తొక్కలేదు. ఫోన్లో వీడియోలు చూశాను, సైకిలు బిగించుకునే అలెన్ కీ ఒకటి ఇంట్లో ఉంది. ఇంకేం కావాలి? మా బ్యాండులో డ్రమ్స్ వాయించే ఎర్నిస్ మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

"ఒరేయ్ తాలాయ్, నువ్వు గిటార్ బాగుచేస్తుంటే మా మామ గొర్రెకు పురుడు పోయడం గుర్తొస్తుందిరా. గొర్రె బతికింది. కానీ మామ కనబడితే కొండెక్కేసేది."

ఎర్నిస్, నేను చిన్నప్పటి నుంచీ జంట దొంగలం. బస్సులో టికెట్ లేకుండా దొరికితే నేను చెప్పే పేరు ఎర్నిస్. వాడు దొరికితే వాడి పేరు తాలాయ్. బడిలో కిటికీ అద్దం పగిలినప్పుడు ఇద్దరం ఒకేసారి ఒకరి పేరొకరు చెప్పి, ఇద్దరం తన్నులు తిన్నాం. దాని మీద ఎవరికీ కోపం లేదు. అదొక ఆట.

నవంబరులో ఊరంతా గోడ హీటర్లు వెలుగుతాయి. ఇళ్లలో గాలి ఎండిపోతుంది. పెదాలు పగులుతాయి, గిటార్ల మెడలు వంగుతాయి. సరిగ్గా ఆ వారమే బేగిమాయ్ తన గిటార్ నా గదిలో వదిలి నరీన్ ఊరు వెళ్లింది, అమ్మమ్మ సంవత్సరీకం విందుకి. బేగిమాయ్ మా బ్యాండులో పాడుతుంది. నాకంటే రెండేళ్లు పెద్ద. ఆ గిటార్ వాళ్ల నాన్నది. చెక్ దేశంలో చేసిన పాత సరుకు. ఆయన పోయాక ఆమెకు మిగిలింది అదొక్కటే.

"శుక్రవారం పొద్దున్నే వచ్చి తీసుకుంటా. శనివారం కచేరీలో దీంతోనే పాడాలి," అంది. "నువ్వు చూడొచ్చు. ముట్టుకోకూడదు."

"దూరం నుంచి దండం పెట్టుకుంటాలే అక్కా," అన్నాను.

సోమవారం దండం పెట్టాను. మంగళవారం ముట్టుకున్నాను.

తీగలు మెడ మీది మెట్లకు కాస్త ఎత్తుగా ఉన్నాయనిపించింది. తను వచ్చేసరికి వెన్నలా చేసి పెడితే ఎంత మురిసిపోతుందో అనుకున్నాను. గిటార్ మెడ లోపల ఒక ఇనప కడ్డీ ఉంటుంది. దాని కొన తిప్పితే మెడ వంపు మారుతుంది. తెలిసినవాళ్లు పావు చుట్టు తిప్పి, తీగలు మళ్లీ శ్రుతి చేసి, ఒక రోజు ఆగుతారు. చెక్క సర్దుకోవాలి కదా. నేనూ పావు చుట్టే తిప్పాను. ఏమీ తేడా తెలియలేదు. ఇంకో పావు. ఇంకో పావు... ఆగడం నా ఒంట్లో లేదు. రెండున్నర చుట్ల దగ్గర మెడ లోపల ఏదో టక్కుమంది.

తీగలన్నీ మెట్ల మీద పడుకున్నాయి. మీటాను. దగ్గు కూడా రాలేదు.

వెనక్కి తిప్పుదామంటే కడ్డీ కదలనంది. బుధవారం పొద్దున, గొప్పలన్నీ మడిచి జేబులో పెట్టుకుని, గిటార్ భుజాన వేసుకుని బయల్దేరాను. ఓష్ బజారులో ఫోన్లూ అకార్డియన్లూ ఒకే బల్ల మీద బాగుచేసే ఆయన దాన్ని చేత్తో తూచి, "ఎండిన చెక్క. పొయ్యిలోకి బాగుంటుంది," అన్నాడు. ఇంకొకాయన జనవరిలో రమ్మన్నాడు. మూడో ఆయన చూసి, నా భుజం తట్టి తలుపు వేసుకున్నాడు. పని తెలిసినవాడి చిరునామా ఉన్నవాళ్లు మాత్రం నోరు విప్పలేదు. మా దగ్గర అంతే. కొండ మీద పుట్టగొడుగులు మొలిచే చోటు, మంచి గిటార్ టెక్నీషియన్ ఇల్లు... ఈ రెండూ తోడబుట్టినవాడికి కూడా చెప్పరు.

గురువారం మధ్యాహ్నానికి ఒక్కరు దొరికారు. పెళ్లిళ్లలో వాయించే పెద్దాయన. మా దగ్గర మగవాళ్లం ఎదురుపడితే చెయ్యి కలపకుండా మాట మొదలుపెట్టం కదా, నేను చెయ్యి చాపాను. ఆయన కుడిచెయ్యి కోటు జేబులోంచి తియ్యలేదు. మోచెయ్యి ముందుకు పెట్టాడు. దాన్నే పట్టుకుని ఊపాను.

"రైలు పట్టాల వెనక, చివరి బ్లాకు కింద నేలమాళిగ. సతార్ తాత అని అడుగు. అంతటి పనివాడు ఇంకొకడు లేడు," అన్నాడు. "ప్రశ్నలు తక్కువ అడుగుతాడు. అడిగినవాటికి నిజం చెప్పు."

"చెప్పకపోతేనో?"

జేబులో ఏదో కదిలినట్టుంది. "నాకు పెళ్లికి వేళైపోతోంది బాబూ."

సాయంత్రం ఐదింటికే చీకటి పడింది. బొగ్గు పొగ వీధుల మీద దుప్పటిలా పరుచుకుని ఉంది. నాలుక మీద మసి రుచి. నేలమాళిగకి పదకొండు మెట్లు. దిగేకొద్దీ చలి పెరిగింది. ఊరంతా హీటర్లు ఉడుకుతుంటే, ఈ గదిలో గోడలు మంచులా ఉన్నాయి. ఉడికించిన బంక వాసన, తడి ఉన్ని వాసన, వాటి అడుగున ఇంకేదో... పన్ను పీకినప్పుడు నోట్లో వచ్చే వాసన.

కప్పు కింద గొట్టానికి నలభై, యాభై గిటార్లు వేలాడుతున్నాయి. అన్నీ గోడవైపు తిరిగి ఉన్నాయి.

సతార్ తాత సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. తెల్ల గడ్డం, ఉన్ని టోపీ. గిటార్ తీసుకుని చంటిపిల్లను పడుకోబెట్టినట్టు ఒళ్లో పెట్టుకున్నాడు. మెడ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"ఎవరు చేశారు ఇది?"

"ఎర్నిస్," అన్నాను.

ఆలోచించి చెప్పలేదు. పద్నాలుగేళ్ల అలవాటు. నాలుక దానంతటదే పలికేసింది.

"ఏ చేత్తో?"

"కుడిచేత్తో."

"ఎన్ని చుట్లు?"

"రెండున్నర."

తాత నవ్వాడు. పళ్లు చిన్నవి, చాలా ఉన్నాయి. "ఆగడం రానివాళ్లు," అన్నాడు ప్రేమగా.

అప్పుడు కరెంటు పోయింది. ఆ చలికాలం కోతలు మామూలే. అగ్గిపుల్ల గీస్తాడేమోనని చూశాను. గీయలేదు. చీకట్లో అలెన్ కీ కడ్డీ కొనలో కూర్చున్న చప్పుడు వినిపించింది. వెతుక్కోలేదు, తడుముకోలేదు. నేను ఫోన్ లైటు వేశాను. నా నోటి ముందు ఊపిరి పొగలా లేస్తోంది. ఆయన నోటి ముందు... ఏమీ లేదు.

"చెక్కకి ఎక్కిన తిప్పు ఊరికే దిగదు బాబూ," అన్నాడు. "ఎక్కించినవాడికి తిరిగి ఎక్కించాలి. అప్పుడే మెడ నిలుస్తుంది."

ముసలాయన హాస్యమాడుతున్నాడనుకున్నాను. నేను మాత్రం తగ్గుతానా? "ఎక్కించండి తాతా. వెధవకి బుద్ధొస్తుంది," అన్నాను.

ఆయన తిప్పాడు.

నెమ్మదిగా. పావు చుట్టు. చెక్క మూలిగింది. గొట్టానికి వేలాడుతున్న గిటార్లన్నీ, ఎవరూ ముట్టుకోకుండానే, సన్నగా పలికాయి. అర చుట్టు. మూలుగు తడిగా మారింది... చెక్క చప్పుడు కాదది. కోడి తొడను కీలు దగ్గర విరిచినప్పుడు వచ్చే చప్పుడు. ముప్పావు. ఒకటి.

నా చేతిలో ఫోన్ మోగింది. ఎర్నిస్.

"తాలాయ్..." గుసగుసగా ఉంది వాడి గొంతు. అరవడానికి కూడా భయపడుతున్నట్టు. "నా చెయ్యి రా..."

"ఏమైంది?"

"తిరిగిపోతోంది. ఎవరూ పట్టుకోలేదు. దానంతటదే... ఒరేయ్, అరచెయ్యి ఒక చుట్టు తిరిగి మళ్లీ మొదటికొచ్చింది. నాకు కనబడుతోంది. తోలు మెలికలు పడిపోయింది..."

"ఒక చుట్టు అయింది," అన్నాడు తాత చీకట్లోంచి. "ఇంకా ఒకటిన్నర ఉంది."

నేను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"రెండోసారి అడుగుతున్నా. రెండుసార్లే అడుగుతాను." ఆయన వేలు ఒకటి వచ్చి నా కుడి మణికట్టు మీద ఆనింది. రాత్రంతా ఆరుబయట పెట్టిన చెంచాలా ఉంది. "పేరు సరిగ్గానే చెప్పావా? తప్పు చెప్పి ఉంటే ఇప్పుడు చెప్పు. ఆ పిల్లాణ్ని వదిలేస్తాను. మిగిలింది అసలువాడికి వేస్తాను."

ఫోన్లో ఎర్నిస్ ఏడుస్తున్నాడు. మణికట్టు మీద వేలు కదలడం లేదు.

"నేనే తాతా!" అని అరిచాను. "చేసింది నేనే! వాణ్ని వదిలెయ్యండి!"

కరెంటు వచ్చింది. తాత అలెన్ కీ పక్కన పెట్టాడు. గిటార్ నా చేతుల్లో పెట్టి, పొమ్మన్నట్టు తల ఊపాడు. నిజం ఒప్పుకున్నానని జాలిపడ్డాడేమో, నా చేతి జోలికి రాలేదు.

శుక్రవారం బేగిమాయ్ వచ్చింది. తీగ మీద వేలు పెట్టగానే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాన్న ఉన్నప్పుడు ఇలాగే ఉండేదిరా," అంది. అంత గొప్ప సెటప్ నేను ఎక్కడా చూడలేదు. తీగకీ మెట్టుకీ మధ్య కాగితం దూరదు, అయినా ఒక్క స్వరం కూడా గరగరలాడదు.

శనివారం కచేరీలో డ్రమ్స్ వేరేవాళ్లు వాయించారు.

ఆసుపత్రిలో ఎర్నిస్ చెయ్యి పిండిన బట్టలా ఉంది. మోచెయ్యి కింద నుంచి మెలిక. ఎముకల ఫొటో తీశారు. ఎక్కడా విరగలేదు, ఎక్కడా చిట్లలేదు. పుట్టుకతోనే అలా ఉన్నట్టు ఉన్నాయన్నారు. జరిగినదంతా వాడికి చెప్పాను. పేరు ఎందుకు చెప్పానో కూడా చెప్పాను. వాడు ఎడమచేత్తో నా మెడ పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"నువ్వు అరవకపోతే మిగతాది కూడా తిరిగిపోయేది కదరా," అన్నాడు. "పోనీలే, వెధవా. ఏదో ఒకటి మిగిల్చావు."

వాళ్లమ్మ నాకు నూనెలో వేయించిన పిండి బోర్సోకులు వేడి వేడిగా మూటగట్టి ఇచ్చింది. కొడుకు ప్రాణం కాపాడానని.

కానీ ఆ చెయ్యి ఆగలేదు.

మొదట వాడే కనిపెట్టాడు. రాత్రి పడుకునేముందు బొటనవేలు తలుపువైపు ఉంటే, పొద్దునకి వెంట్రుకవాసి పక్కకి. మంచం పక్క గోడ మీద పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాడు. రోజుకొకటి. నొప్పి ఉంటుందా అని అడిగితే, "ఎప్పుడూ కాదురా, తిరిగేటప్పుడే," అన్నాడు. రోజంతా తిరుగుతూనే ఉంటుంది. కట్టు కడితే కట్టు కూడా మెలిపడుతుంది. చెక్కలు బిగించి కడితే చెక్కలు చిట్లాయి.

మార్చిలో నౌరుజ్ పండగ నాటికి ఒకటిన్నర చుట్లు పూర్తయ్యాయి. నేను గోడ మీద గీతలు మూడుసార్లు లెక్కపెట్టాను. ఇక ఆగుతుందని వాడికి చెప్పలేదు గానీ, ఆ రాత్రి మొదటిసారి నిద్రపోయాను.

ఇప్పుడు మే నెల. ఇంకా తిరుగుతోంది.

డాక్టర్లకి అర్థం కానిది ఒకటుంది. తిరిగితే తిరిగింది, ఇంత మెల్లగా ఎందుకు అని. ఒకేసారి తిరిగి ఉంటే ఆ రోజే చెయ్యి తీసేసేవాళ్లం, పిల్లాడికి ఇంత బాధ ఉండేది కాదు అన్నాడొకాయన, నా ముందే.

ఎందుకు మెల్లగానో నాకు తెలుసు. ఎందుకు ఆగడం లేదో కూడా... అది ఎక్కాల్సిన చెయ్యి వాడిది కాదు. ఇంతవరకూ నేను చెప్పింది, అందరికీ చెప్పే కథ. ఎర్నిస్‌కి చెప్పిందీ ఇదే. ఆ చీకట్లో నేను అరవలేదు. ముందు ఫోన్ కట్ చేశాను. వాడి ఏడుపు వింటూ చెప్పలేక.

"ఎర్నిసే," అన్నాను, రెండోసారి కూడా.

తాత నా మణికట్టు మీద నుంచి వేలు తీసేశాడు. అలెన్ కీ మళ్లీ పట్టుకున్నాడు. అప్పుడు నాకు వాడి మీద జాలేసింది. నిజంగానే వేసింది.

"కాస్త మెల్లగా తిప్పండి తాతా," అన్నాను.

"ఎంత మెల్లగా?"

"ఎంత మెల్లగా వీలైతే అంత," అన్నాను.