నమిలి ఉమ్మేయాలి

“ఈ రంగులో అచ్చేస్తే మనుషులు పోతారండీ” అందామె, ప్రూఫు కాగితాన్ని బల్ల మీద పడేసి.

అది నాలుగో ప్రూఫు. ఆమె అటవీ పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. ప్రెస్సులో అందరూ పుట్టగొడుగుల మేడం అంటారు. అడవిలో తిరిగేవాళ్ల కోసం ఆమె చిన్న పుస్తకం రాసింది. దాన్ని అచ్చువేసే పని బల్లకు ఇటువైపున్న అతనిది. ఆరేళ్లుగా ప్రెస్సు నడుపుతున్నాడు. రంగు తప్పిందని అతన్ని ఎవరూ అనలేదు.

కాగితం మీద రెండు బొమ్మలున్నాయి. రెండూ గోరంత పుట్టగొడుగులే, రెండూ ఎండు మాను మీదే, రెండూ గోధుమ రంగే.

“రెండూ ఒకటే కదా మేడం.”

“ఒకటి చేదు టోపీ. కూరకు పనికిరాదు, ప్రాణానికి భయం లేదు. రెండోది తుప్పు టోపీ. తిన్నవాడికి మొదటి రోజు ఏమీ తెలియదు. మూడో రోజుకి కాలేయం ఉండదు.”

“ఫొటోలో అలాగే ఉన్నాయండీ.”

“ఫొటో చూసి పెళ్లి చేసుకుంటారా మీరు?”

“ఇంకా చేసుకోలేదండీ.”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వలేదు.

“ఆదివారం అడవికి రండి. అసలు రంగు చూపిస్తాను.”

ఆదివారం తెల్లవారుజామున వాన వెలిసింది. పడిపోయిన మాను పక్కన ఆమె మోకాళ్ల మీద కూర్చుని లెన్సు అందించింది. అతనికి పుట్టగొడుగు కంటే ఆమె చెవి పక్కన అంటుకున్న ఆకు ముక్క బాగా కనిపించింది. ఆ మాట చెప్పలేదు. పిరికివాడు.

“ఇదీ చేదు టోపీ. ముందు పళ్లతో కొంచెం నమిలి ఉమ్మేయాలి. చేదు, వగరు తెలుస్తాయి. నేను చూసి ఇచ్చిన దానితోనే, సరేనా? వేరేవి ముట్టుకోకండి.”

ఆమె ఇచ్చిన తునక అతని తడి వేళ్లలోంచి జారి ఆకుల్లో పడిపోయింది. ఆమె నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. మళ్లీ అడగడానికి మొహమాటపడి మానుకు అటువైపున్న ఇంకొకటి కోసి, సగం కొరికాడు. మిగిలింది చొక్కా జేబులో వేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆమె తలెత్తి చూసింది.

అతను మింగేశాడు.

“ఉమ్మేశారా?”

“ఆఁ.”

పది నిమిషాల తర్వాత ఆమె మానుకు అటువైపు వెళ్లి, వంగి, అలాగే ఉండిపోయింది. అక్కడ మూడు పుట్టగొడుగుల కాడలకు సన్నని ఉంగరాలున్నాయి. తుప్పు టోపీలు. వాటి పక్కనే, కొత్తగా తెంపిన కాడ మొదలు.

“ఇక్కడ కోసిందెవరు?”

“నేనే.”

“ఉమ్మేశారు కదా?”

అతను నేల చూశాడు. “లేదండీ.”

ఆసుపత్రిలో డాక్టరు నల్లటి బొగ్గు మందు తాగించాడు. రక్తం తీయించాడు. “పెద్దాసుపత్రి నుంచి అంబులెన్సు రావడానికి మూడు గంటలు. ఈలోగా తిన్నదేదో తేలితే నాకు చెప్పండి” అన్నాడు.

“రుచి ఎలా ఉంది?” అందామె. “చేదా?”

“రుచి ఎవడు చూశాడండీ.”

మైక్రోస్కోపు ఉన్న ఆమె ఆఫీసుకు ఆదివారం తాళం. జేబులోని సగం ముక్కే మిగిలింది. ఉంగరం ఉందో లేదో చూడటానికి దానికి కాడ కూడా లేదు.

“టోపీని బోర్లిస్తే పొడి రాలుతుంది. తుప్పు టోపీది ఇటుక రంగు. చేదు టోపీది తెలుపు. తెల్ల కాగితం మీద తెలుపు కనిపించదు. ఏదైనా నల్లటిది కావాలి.”

పక్క మంచం మీద కాలు విరిగిన పెద్దాయన తన ఎక్స్‌రే తీసిచ్చాడు. “నా తొడ ఎముక పక్కన పెట్టుకో తల్లీ. నాకెలాగూ పనికిరావడం లేదు.”

ఆమె టోపీ ముక్కను సగం తెల్ల కాగితం మీద, సగం ఎక్స్‌రే నలుపు మీద పెట్టి, గాజు గ్లాసు బోర్లించింది.

అంతలో అతని తల్లి వచ్చింది. సంగతంతా విని కొడుకు వైపు తిరిగింది.

“ఆ అమ్మాయి ఉమ్మమంది కదరా. ఎందుకు ఉమ్మలేదు?”

“నలుగురిలో ఉమ్మితే మూతి పగలగొడతానన్నావుగా.”

“అది నీ ఆరో ఏట.”

“రద్దు చేశానని చెప్పలేదుగా.”

పెద్దాయన నవ్వాడు. కాలు కదిలి, వెంటనే మూలిగాడు. తల్లి నవ్వలేదు. మంచినీళ్లు తెస్తానని బయటికి వెళ్లింది. ఏడవడానికి వెళ్లిందని ముగ్గురికీ తెలుసు.

“నిజం చెప్పండి” అందామె.

“మీరు చూస్తున్నారు. అందుకని.”

“అడవిలో సిగ్గేమిటండీ? ఉడతలేమైనా అనుకుంటాయా?”

“ఉడతల సంగతి కాదు.”

ఆమె గ్లాసు వైపు చూస్తూ కూర్చుంది. అతనే అన్నాడు, “మూడో రోజుకి బతికుంటే ఒక మాట అడుగుతాను.”

“ఇప్పుడే అడగండి.”

“వద్దు. పోయేవాడని జాలిపడి ఒప్పుకుంటే నాకు అక్కర్లేదు.”

అంబులెన్సు దగ్గరికొచ్చిందని నర్సు చెప్పింది. ఆమె గ్లాసు ఎత్తబోయింది. ఎత్తకుండానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

“నన్ను చూడనివ్వండి” అన్నాడతను. “రంగు నా పని.”

గ్లాసు ఎత్తి టోపీ ముక్క తీశాడు. కాగితం వైపు ఏమీ లేదు. ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టాడు. నలుపు మీద, దువ్వెన గీసినట్టు, సన్నని తెల్లని గీతలు.

“తెలుపు” అన్నాడు. “ఎరుపు చుక్క కూడా కలవలేదు.”

ఆమె లాక్కుని లెన్సుతో చూసింది. కాగితం వైపూ చూసింది. మళ్లీ ఎక్స్‌రే చూసింది.

“చేదు టోపీ. ఉత్త చేదు టోపీ.”

డాక్టరు కూడా చూశాడు. రక్తం రిపోర్టు బాగుందన్నాడు. రేపటిదాకా ఇక్కడే ఉంచుతానని చెప్పి అంబులెన్సును వెనక్కి పంపాడు. పెద్దాయన తన ఎక్స్‌రే తిరిగి అడగలేదు.

“మీ చెవి పక్కన ఆకు ముక్క ఉంది” అన్నాడతను.

“ఎప్పటినుంచి?”

“పొద్దుటినుంచి.”

“ఈ మాటా మింగేశారా?” ఆమె ఆకు తీసేసింది. “ఇప్పుడు జాలి లేదు. అడగండి.”

“ఫొటో చూసి చేసుకోకూడదన్నారు. నాలుగు ప్రూఫుల నుంచి నన్ను ఎదురుగానే చూస్తున్నారు. చేసుకుంటారా?”

ఆమె లెన్సు మడిచి సంచిలో పెట్టుకుంది.

“ఐదో ప్రూఫులో రంగు సరిచేయండి. ఉమ్మడం నేర్చుకోండి. ఆ తర్వాత మా నాన్నతో మాట్లాడండి.”

గుమ్మంలో అతని తల్లి నిలబడి ఉంది. చేతిలో నీళ్ల సీసా, కళ్లు ఎర్రగా. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో ఎవరూ చూడలేదు.

“వీడు నువ్వేం పెట్టినా మింగేస్తాడమ్మా” అంది తల్లి. “చూసి పెట్టు.”