కాగితం పెట్టగానే

2025 అక్టోబరు ఒకటో తేదీ, బుధవారం, మహర్నవమి. రాత్రి ఏడు గంటల నలభై నిమిషాలు. శ్రీవాణికి ఆ టైము అంత కచ్చితంగా గుర్తుండిపోయింది — ల్యాప్‌టాప్ మీది బంతిపూల దండ తీసి తెరిచినప్పుడు మొదట కనిపించింది ఆ అంకెలే.

ముందు ఆ గది సంగతి చెప్పాలి.

ప్రొద్దుటూరులో వాళ్ళ వీధివాళ్ళెవరూ పొద్దుగూకినాక ఆ మేడగది వైపు తల ఎత్తరు. శ్రీవాణి మామగారు రంగనాయకులు అందులోనే కంప్యూటరు పెట్టుకుని పెళ్ళిపత్రికలు, అర్జీలు, గల్ఫుకు పోయే పిల్లోల్ల బయోడేటాలు కొట్టేవాడు. మూడేండ్ల కిందట, ఇదే మహర్నవమి రాత్రి, ఆ కుర్చీలోనే పోయాడు. గుండె ఆగిపోయింది. చెయ్యి కీబోర్డు మీదే ఉండిపోయింది.

ఆయుధపూజ నాడు పనిముట్టుకు బొట్టు పెట్టినాక, మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా దాన్ని ముట్టకూడదు. కుట్టుమిషనైనా అంతే, కంప్యూటరైనా అంతే. ఆయన ఆ బొట్టు తుడిచి పనికి కూర్చున్నాడు. ఎవరి కోసమో ఇంట్లో ఎవరికీ తెలీదు. అమ్మవారు ఊరుకోలేదని వీధంతా చెప్పుకుంది. భార్య రమణి కూడా లోలోపల అదే అనుకుంది, పైకి మాత్రం ఒక్కనాడూ అనలేదు.

ఆ తర్వాత కంప్యూటరును ఎవరికో ఇచ్చేశారు. ప్రింటరు మటుకు బరువని అక్కడే వదిలేశారు. అప్పట్నుంచి మొదలైంది… కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పైన గర్ర్… మని తిరిగేది. కాగితం కోసం తడుముకుంటున్నట్టు.

"కరెంటు వస్తే అది ఒకతూరి తిరుగుతాది, అంతే" అనేవాడు కొడుకు కార్తీక్. అంటూనే పైకి పోయి వైరు పీకేవాడు కాదు. గది అద్దెకు చూడను వచ్చినవాళ్ళు మెట్ల దగ్గర్నుంచే తిరిగిపోయేవాళ్ళు.

ఆ మహర్నవమికి శ్రీవాణి తన ఆఫీసు ల్యాప్‌టాప్, మౌసు, చెవులకు పెట్టుకునేది, అన్నీ కడిగిన పీట మీద పెట్టి పసుపు కుంకుమ అద్దింది. కార్తీక్ ఎర్రగుంట్ల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీకి పోయాడు. అత్తాకోడళ్ళు దీపం ముందు కూర్చుని ఉండగా పక్కింటి షంషాద్ వచ్చింది. గడప దాటలేదు.

"శ్రీవాణీ… ఒక కాగితం కావాలమ్మా."

ఆమె ఒక్కగానొక్క కొడుకు అద్నాన్ కువైట్‌లో డ్రైవరు. మధ్యాహ్నమే ఫోనొచ్చింది. లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయాడు.

చేతిలో ఫోను ఇంకా మాట్లాడుతూనే ఉంది. కొడుకుతోపాటు పనిచేసే హుమాయున్ గొంతు. "తల్లి సంతకంతో పత్రం రాత్రికే పంపాల పిన్నమ్మా. టైపు చేసి, స్కాను చేసి. ఫోను ఫోటో అయితే మసగ్గా ఉందంటారు. రేపు ఆఫీసులో పెడితేనే వాణ్ణి పంపుతారు. ఎల్లుండి నుంచి రెండురోజులు సెలవు. లేదంటే… ఈడనే మట్టి చేసేస్తారు."

"అంగళ్ళన్నీ పూజ చేసి మూసినారు" అంది షంషాద్. "మా జమీర్ కూడా బేరం ఉండదని జిరాక్సు షాపు మూసి మైలవరం పోయినాడు. యాడికి పోవాల? వాని మొగం ఒకతూరి చూడాల. ఇంగేం అడగను."

శ్రీవాణి అత్త వైపు చూసింది.

రమణి లేచింది. గోడ మీది క్యాలెండరు దగ్గరికి పోయి వేలు పెట్టి చూసుకుంది. "నవమి ఏడింటికే పోయింది. ఇప్పుడు దశమి" అంది నెమ్మదిగా. "దశమి పని మొదలుపెట్టే తిథే. తీయమ్మా."

శ్రీవాణి దండ తీసింది. ఏడూ నలభై.

"టైపు చేస్తా. కానీ అత్తా… ప్రింటు తీయాలన్నా, స్కాను చేయాలన్నా…"

ముగ్గురూ ఒక్కసారే పైకప్పు వైపు చూశారు.

తాళం తుప్పు పట్టింది. తలుపు తోస్తే లోపలి గాలి పాత సిరా వాసన వేసింది. బల్బు వెలగలేదు. రమణి ఫోను లైటు పట్టుకుంది. ఆమె వెనక షంషాద్, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

మూలన ప్రింటరు. దాని మీద దుమ్ము. దుమ్ములోంచి చిన్న నారింజ దీపం… ఆరుతూ, వెలుగుతూ.

"కాగితం లేదంటాంది" అని గొణిగింది శ్రీవాణి, తనకు తానే ధైర్యం చెప్పుకుంటున్నట్టు.

మామగారి అలమారలో సగం వాడిన కాగితాల కట్ట అట్లాగే ఉంది. వేలి మందాన తీసి ట్రేలో పెట్టి మూసింది. ల్యాప్‌టాప్ ఒళ్ళో ఉంది. దాన్ని ప్రింటరుకు కలిపే వైరు చేతిలోనే ఉంది, దేనికీ తగిలించలేదు.

గర్ర్…

ఎవరూ కదల్లేదు.

లోపల ఏదో కాగితాన్ని పట్టుకుని లాగింది. ఆగింది. మళ్ళీ లాగింది. తెల్లటి అంచు బయటికి వచ్చింది… వస్తూ ఉంది… బోర్లాపడింది.

శ్రీవాణి తీసి తిప్పింది.

అద్నాన్.

ఇరవై ఒక్కేండ్ల మొహం. నూనె రాసి దువ్విన తల, నవ్వు ఆపుకుంటున్న పెదాలు. కింద బయోడేటా: పేరు, తండ్రి పేరు, డ్రైవింగు లైసెన్సు నంబరు. అట్టడుగున తేదీ — 04-10-2022.

షంషాద్ ఆ కాగితం అందుకుంది. ఏడవలేదు. ఆ బుగ్గ మీద బొటనవేలితో రాసింది. సిరా ఇంకా వెచ్చగా ఉంది.

"ఆ పొద్దు అన్న దగ్గరికి వచ్చింది నేనే అక్కా" అంది, కాగితం మీంచి కళ్ళు తీయకుండా. "తెల్లారితే వాని కువైట్ పనికి గడువు అయిపోతాదని… పూజ చేసిన మిషనని తెలిసి కూడా బతిమాలినా. అన్న బొట్టు తుడిచినాడు. నువ్వు ఇంటికి పో, తీసి పెడతానన్నాడు. ఆ కాగితం రానేలేదు. వేరేచోట కొట్టించుకుని పోయినాడు నా కొడుకు. మూడేండ్లు… నీకు చెప్పలేకపోతి."

రమణి లైటు పక్కకు తిప్పింది. గోడ మీద ఖాళీ కుర్చీ నీడ ఊగి, నిలబడింది.

లైటు మళ్ళీ ప్రింటరు మీదికి తెచ్చింది. "పత్రం కొట్టు శ్రీవాణీ. వాళ్ళ ఆఫీసు మన కోసం ఆగదు."

కొట్టింది. షంషాద్ సంతకం పెట్టింది. స్కాను చేసి పంపారు. తొమ్మిదీ పదికి హుమాయున్ నుంచి "అందింది" అని వచ్చింది.

ఆ రాత్రి శ్రీవాణి ఇద్దరికీ నచ్చజెప్పింది. మామ ప్రింటు ఇచ్చుంటాడు, కాగితం అయిపోయి ఆగుంటుంది, ఇప్పుడు పెట్టగానే వచ్చింది. దెయ్యం లేదు, ఏమీ లేదు. చెప్తుంటే తనకూ నమ్మకం కుదిరింది. కాస్త కునుకు కూడా పట్టింది.

పొద్దున ఆరింటికి కార్తీక్ డ్యూటీ నుంచి వచ్చాడు. టీ గ్లాసు చేతికిచ్చి అంతా చెప్పింది.

"కాగితం లేక ఆగిపోయినదే గదా వచ్చింది. అంతేగా?"

కార్తీక్ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ ప్రింటరుకు ఏదీ గుర్తుండదు శ్రీవాణీ. కరెంటు పోతే దాంట్లో ఉండేదంతా పోతాది. ఈ మూడేండ్లలో ఎన్ని మార్లు పోయింటాది కరెంటు?"

"కంప్యూటర్లో మిగిలిపోయి…"

"యాడుండాది కంప్యూటరు? ఇచ్చేసి రెండేండ్ల పైన ఆయె."

వంటింట్లో రమణి ఆ మాట వింది. తలస్నానం చేసి, దేవుడి దగ్గర ఉద్వాసన చెప్పి, కుంకుమ భరిణె పట్టుకుని మేడెక్కింది. వీళ్ళిద్దరూ వెనకే పోయారు.

ప్రింటరు దుమ్మును చీర చెంగుతో తుడిచింది. నడిమధ్యన బొట్టు పెట్టింది. దండం పెట్టుకుంది. కార్తీక్ వంగి, మూడేండ్లుగా ముట్టని కరెంటు వైరు పీకాడు.

అది చాలలేదు ఆమెకు. ట్రే లాగి, మిగిలిన తెల్లకాగితాలన్నీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏందిమా అది?" అన్నాడు కార్తీక్.

"ఈ వీధిలో గల్ఫుకు పోయిన పిల్లోల్లందరివీ మీ నాయన ఈ గదిలోనే కొట్టినాడు" అంది రమణి. "నువ్వు పోవాలని రాయించుకున్న బయోడేటా కూడా."

అని, ఖాళీ ట్రేలోకి చెయ్యి పోనిచ్చి, ఒక్క కాగితమైనా అడుగున అంటుకుని ఉందేమోనని మళ్ళీ ఒకసారి తడిమి చూసింది.