చెయ్యి పట్టుకునే గేటు

ఆ సందు చివరి గేటు జోలికి ఎవరూ వెళ్లరు. పగలైతే దాని పక్కనుంచి తల తిప్పకుండా నడిచిపోతారు గానీ, గాలీ వానా మొదలైతే మాత్రం చుట్టు తిరిగి పక్కవీధిలోంచి పోతారు. ఎందుకంటే — ఆ గేటు చెయ్యి పట్టుకుంటుందట.

పట్టుకుంటే వదలదట.

ఆ ఇంట్లో బట్టలు కుట్టే ఒకావిడ ఒంటరిగా ఉండేది. ఒక వాన సాయంత్రం గేటు దగ్గరే కుప్పకూలి ప్రాణం విడిచింది. గుండె ఆగిందన్నారు. ఇంటికి తాళం పడింది. ఆ తర్వాత పాలవాడు ఒక గాలివాన రోజు ఆ గేటు మీద చెయ్యేశాడు... నలుగురూ చూస్తుండగా గిలగిల్లాడి, ఎవరో విసిరేసినట్టు రోడ్డు మీద పడ్డాడు. ఇప్పటికీ ఆ చేత్తో గ్లాసు ఎత్తలేడు. ఇల్లు కొందామని వచ్చినవాళ్లు సంగతి విని వచ్చిన దారినే పోయారు.

గేటు వెనక సరుగుడు చెట్టు గాలికి ఏడుస్తుందనీ, దాని తల మీద నీలం దీపం వెలుగుతుందనీ, ఆ దీపం వెలిగినప్పుడల్లా పేటంతా చీకటైపోతుందనీ చెప్పుకునేవారు.

దీపం మాటెలా ఉన్నా, చీకటి మాత్రం నిజం. అది ఎక్కణ్నుంచి వస్తోందో తేల్చడానికే వచ్చింది కరెంటమ్మాయి.

స్తంభాలెక్కే ఉద్యోగం ఆమెది. బదిలీ మీద కొత్తగా వచ్చింది. సందులో అందరూ కరెంటమ్మాయి అనే పిలిచేవారు, అదీ ముద్దుగా కాదు. "ఏం కరెంటమ్మాయ్, ఇవాళైనా కంచంలో అన్నం కనబడుతుందా?" అని ఒకావిడ వాకిట్లోంచే అడిగేది. ఇంకొకాయన ఆమె కనబడగానే తలుపు దడాల్న వేసుకునేవాడు.

గాలి జోరుగా వీస్తే చాలు, సబ్‌స్టేషన్‌లో స్విచ్ దానంతటదే పడిపోతోంది. మళ్లీ వేస్తే నిలబడుతోంది. కాసేపటికి మళ్లీ పడుతోంది. తీగకి ఎక్కడో ఏదో తగులుతోంది... తగిలి, గాలి తగ్గగానే తప్పుకుంటోంది. తెల్లారి వెళ్లి చూస్తే ఏమీ ఉండదు. ఆమె అనుమానం సరుగుడు మీదే. కానీ పగలు చూస్తే చెట్టుకీ తీగకీ మధ్య ఒక మనిషి పడుకునేంత ఎడం.

అయినా కొమ్మలు కొట్టేద్దామని కత్తి పట్టుకెళితే పక్కింటాయన అడ్డొచ్చాడు. చనిపోయినావిడకి బావగారు ఆయన.

"పోయిన మా తమ్ముడు నాటిన చెట్టది. ఒక్క ఆకు రాలిందా, మీ ఉద్యోగాలూ రాలతాయి!"

"గాలికి వంగితే తీగకి తగులుతుందండీ..."

"తగిలినప్పుడు చూసుకో. అప్పటిదాకా నా గోడవైపు రాకు."

ఆఫీసరు కూడా ఆయనవైపే మాట్లాడాడు. ఎడం ఉన్న చెట్టుతో గొడవెందుకు, తగలడం కళ్లారా చూసి చెప్పమన్నాడు.

సరే, కళ్లారానే చూద్దామనుకుంది.

గాలివాన పట్టిన సాయంత్రం, ఇళ్లల్లో దీపాలు పెట్టిన వేళకి సందు మొదట్లో దిగింది. వెంట పాత లైన్‌మన్ ఉన్నాడు. చుట్టరికం లేకపోయినా ఆయన్ని బాబాయ్ అంటుంది. ఆమె పైకెక్కితే కింద నిచ్చెన పట్టుకునేది ఆయనే మరి.

"నేను ఫోను పట్టుకుని ఇక్కడే ఉంటా. నువ్వు కేకేస్తే లైన్ ఆపిస్తా. ఆ గేటు దాకా మాత్రం రానమ్మా."

"భయమా బాబాయ్?"

"భయమెందుకు? పెళ్లాం పిల్లలున్నవాణ్ని, అంతే."

ఆమె చేతిలో చిన్న రేడియో ఉంది. పాటలకి కాదు. తీగకి కొమ్మ రాసుకుని నిప్పు రవ్వలు లేస్తే రేడియోలో బరబరమని గోల పుడుతుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ ఆ గోల పెరుగుతుంది.

మొదటి స్తంభం కింద రేడియో ఊరికే సణిగింది.

తర్వాతి స్తంభం దగ్గర బుసకొట్టింది.

ఒక కిటికీ కొంచెం తెరుచుకుంది. "ఇప్పుడు నీ శవాన్ని మేం మొయ్యాలా?" అని లోపల్నుంచి ఎవరిదో గొంతు... కిటికీ మూసుకుంది.

గేటు ముందుకి వచ్చేసరికి రేడియో అరుస్తోంది. పైన సరుగుడు ఏడుస్తోంది — నిజంగానే, ఆడమనిషి గొంతు నొక్కుకుని ఏడ్చినట్టు. గాలి ఒక్కసారి విసిరింది. చెట్టు నడుము వంచింది. వంగి, వంగి... తీగని తాకింది.

నీలంగా మెరిసింది!

సందులో దీపాలన్నీ ఒక్క క్షణం కుంగి, మళ్లీ లేచాయి.

"దొరికావే!" అనుకుంది. గుండె దడదడలాడుతోంది, కానీ ఆ దడలో సంతోషం కూడా ఉంది. ఇక ఏ కొమ్మో చూస్తే చాలు. గుబురు అడ్డంగా ఉంది, చెట్టు కిందికి వెళితే గానీ కనబడదు. రేడియో గోల తగ్గిద్దామని కుడిచేతి రబ్బరు తొడుగు తీసి జేబులో పెట్టుకుంది. రేడియో కట్టేసింది. అదే చెయ్యి గేటు గొళ్లెం వైపు చాచింది.

"ఆగు..."

చెవి పక్కనే. గుసగుసగా.

"ముట్టుకోకు."

చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. గిరుక్కున తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. వాన మాత్రమే పడుతోంది.

తొడుగు వేసుకుని, నడుముకున్న టెస్టరు కర్రని పొడుగ్గా లాగి గేటు వైపు పెట్టింది. పైన చెట్టు మళ్లీ వంగింది; ఇనుముకి తగలకముందే కర్ర ఎర్రగా వెలిగి కీచుమంది.

గేటు నిండా కరెంటు!

"బాబాయ్! ఆపించు! లైన్ ఆపించు!"

పేటంతా ఒక్కసారిగా చీకటైంది. టెస్టరు నోరు మూసుకుంది.

ఆమె గేటు ముట్టుకోలేదు. కమ్మీల మధ్యనుంచి టార్చి వేసింది. గేటు కింది కమ్మీకి కొక్కెంలా తగిలించిన రాగి తీగ... గడ్డిలోంచి పాకుతూ పోయి, సరుగుడు మొదలుకి చుట్టుకుని ఉంది. తుప్పులేదు, మట్టిలేదు. కొత్తగా తళతళలాడుతోంది.

టార్చి మెల్లగా పక్కకి తిప్పింది. రెండిళ్ల మధ్య ఉన్న పొట్టి ప్రహరీగోడ మీద... ఒక తల.

పక్కింటాయన. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. ఆమె ముఖాన్ని కాదు, చేతిని.

"ఎవరు కట్టారీ తీగ?"

"లైటు తియ్యి."

"ఎవరు కట్టారు?"

"నువ్వేమీ చూళ్లేదు. చెయ్యి ఉండగానే ఇంటికి పో."

అంటూనే ఒక కాలు గోడ మీదికి వేశాడు. చేతిలో కొడవలి మెరిసింది. ఆమె వెనక్కి తగ్గేలోపు చీకట్లోంచి అడుగుల చప్పుడు — బాబాయ్! పెళ్లాం పిల్లల సంగతి మర్చిపోయినట్టున్నాడు, పొడుగాటి వెదురుగడ ఎత్తిపట్టుకుని కేకలేస్తూ పరిగెత్తుకొస్తున్నాడు. ఆ కేకలకి తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎప్పుడూ తలుపు వేసుకునే ఆయనే ముందుగా వచ్చి కొడవలి లాక్కున్నాడు.

పోలీసులొచ్చాక, అందరి ముందూ, పక్కింటాయన ఏ తడబాటూ లేకుండా చెప్పాడు. మొదటిసారి తను కట్టలేదట. మరదలే చెట్టునుంచి గేటుకి బట్టలారేసుకునే తీగ కట్టుకుంది. గాలివానలో ఆమె గేటు తియ్యబోయి అతుక్కుపోతుంటే, ఆయన ఆ గోడ మీదనుంచే చూశాడు. ఆమె పడిపోయాక, గాలి తగ్గనిచ్చి, జనం రాకముందే తీగ విప్పేశాడు. ఆ తర్వాతనుంచీ గాలి లేచిన ప్రతి సాయంత్రం కట్టడం, తగ్గాక విప్పడం. దెయ్యం ఉందంటే ఎవరూ కొనరు, ఇల్లు చివరికి కారుచవగ్గా తనకే వస్తుంది.

పాలవాడి తల్లి ఆయన ముఖాన ఉమ్మేసింది. ఆయన తుడుచుకోను కూడా లేదు.

ఆయన్ని జీపు ఎక్కిస్తుంటే కరెంటమ్మాయి దగ్గరికి వెళ్లింది. కోపం చల్లారలేదు. అయినా న్యాయం న్యాయమే కదా అనుకుంది.

"నీ మీద నాకు జాలి లేదు. కానీ ఆఖరి క్షణంలో ఆగమన్నావు. అందుకే బతికాను. ఆ ఒక్క మాటా పోలీసులకి చెప్తాను."

ఆయన అర్థంకానట్టు ఆమెవైపు చూశాడు.

"నేనా?" అన్నాడు. "నేనెందుకు ఆగమంటాను? ఎప్పుడు పట్టుకుంటావా అని ఊపిరి బిగబట్టి చూస్తుంటేనూ..."