గవరయ్య జీపు ఆగే మలుపు

చీకటి పడ్డాక పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి సిప్పీఘాట్ మలుపులో ఆగకూడదంటారు. టైరు పంక్చరైనా సరే, దేవుడా అనుకుంటూ రిమ్ము మీదే ఈడ్చుకుపోవాలి గానీ కాలు కింద పెట్టకూడదట.

సునామీకి అక్కడ నేల కుంగింది. పొలాల్లోకి వచ్చిన సముద్రం మళ్ళీ వెనక్కి పోలేదు. తలలు విరిగిన కొబ్బరి మొదళ్ళు ఉప్పునీళ్ళలో అలాగే నిలబడి ఉన్నాయి. పోటు వచ్చినప్పుడు నీళ్ళు రోడ్డు అంచుదాకా ఎక్కి గుడగుడమంటాయి. పగలైతే అంతే. కానీ మా దీవుల్లో డిసెంబరులో ఐదు దాటితే చీకటే కదా... ఆ చీకట్లో అక్కడ ఒక ఆడమనిషి ఏడుస్తుందట.

గట్టిగా కాదు. సన్నగా — నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చినట్టు. చేపల బుట్టలు వదిలేసి పరిగెత్తినవాళ్ళున్నారు. ఆఖరి బస్సు డ్రైవరు ఆ మలుపులో ఎవరు చెయ్యెత్తినా ఆపడు. ఆపమని అడిగే మొనగాడూ లేడు.

ఒక్క గవరయ్య మాత్రం రోజూ పోయేవాడు.

మలుపు పక్కనే ఆయన ఇల్లుండేది. అల వచ్చిన పొద్దున ఆయన చాతం రేవులో పడవెక్కి అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ వెళ్ళాడు. కూతురు చిన్నమ్మి పోర్ట్‌బ్లెయిర్‌లో స్నేహితురాలింట్లో ఉంది. ఇంట్లో భార్య కామమ్మ ఒక్కతే. పక్క పాకలో ఆయన ముద్దుల జీపు, ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ బండి. అల తీశాక జీపు బురదలో దొరికింది. కామమ్మ దొరకలేదు.

తండ్రీ కూతుళ్ళు టౌనుకి పోయి లంబాలైన్‌లో అద్దింట్లో చేరారు. చిన్నమ్మికి ఫీనిక్స్ బే రేవులో ఓడ టికెట్ల కౌంటర్లో ఉద్యోగం వచ్చింది. ఏళ్ళు గడిచాయి. గవరయ్య మాత్రం పొద్దుగూకేసరికి జీపు తీసి మలుపుకు పోయి, ఇంజను ఆపి, లైట్లు ఆర్పి కూర్చునేవాడు. కాసేపటికి ఏడుపు మొదలయ్యేది.

శవం దొరకనివాళ్ళకి దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు. చిన్నమ్మి చెప్పీ చెప్పీ అలిసిపోయింది. "అమ్మకి అగ్గి చూపించలేదు నాన్నా. దారీ తెన్నూ లేక తిరుగుతుంది."

"రోజూ దాని గొంతు ఇంటన్నాను. బతికున్నదానికి కొరివెట్టమంటావేటి?" అనేవాడు గవరయ్య.

తల్లి ఎలాగూ పోయింది, తండ్రి కూడా రోజుకింత ఆ నీళ్ళలోకే పోతున్నాడని చిన్నమ్మి భయం. ఆయనకి తిండి తగ్గింది, మాట తగ్గింది. కర్మ జరిగితే తప్ప ఈ మనిషి ఇంటికి రాడని ఆమెకి గట్టిగా తోచింది.

ఒక సాయంత్రం మొండికేసి తనూ జీపెక్కింది. తోడుగా మెకానిక్ నూకన్నని ఎక్కించుకుంది. నూకన్న కామమ్మ చేతి అన్నం తిన్నవాడు. ఆ జీపుని బురదలోంచి లాగి, ముక్కముక్కా విప్పి, కడిగి బతికించింది అతనే. దెయ్యాలంటే నవ్వుతాడు గానీ ఆ రోజు మెళ్ళో ఎందుకైనా మంచిదని ఒకటికి రెండు తాయెత్తులు వేసుకొచ్చాడు.

మలుపు వచ్చింది. గవరయ్య ఇంజను ఆపాడు. లైట్లు ఆర్పాడు.

చీకటి... నీళ్ళ గుడగుడ... కొబ్బరి మొదలు మీంచి ఏదో పిట్ట లేచిపోయింది.

అప్పుడు మొదలైంది.

సన్నగా, తెరలు తెరలుగా — ఊపిరి చాలక ఆగి, మళ్ళీ అందుకున్నట్టు. చిన్నమ్మి సీటు అంచుకి జరిగి చెవి రిక్కించింది. అది అమ్మే. అమ్మమ్మ పోయిన కబురు వచ్చిన రోజు అమ్మ వంటింట్లో ఇలాగే ఏడ్చింది.

"ఇన్నావా?" అన్నాడు గవరయ్య, గుసగుసగా.

నూకన్న ఒక చేత్తో తాయెత్తులు పట్టుకునే కిందికి దిగాడు. "అమ్మీ... టార్చి ఇలా పట్టు." బానెట్ ఎత్తాడు. ఆవిరి మొహాన కొట్టింది. రేడియేటర్ పై అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక ఉంది. తడిగుడ్డ పెట్టి దాన్ని నొక్కాడు.

ఏడుపు ఆగింది.

గుడ్డ తీశాడు. ఏడుపు.

మళ్ళీ నొక్కాడు. ఆగింది.

"ఉప్పు లోపల్నించి తినేసింది అన్నా," అన్నాడు నూకన్న మెల్లగా. "ఎత్తెక్కి దిగేసరికి మరిగిపోతాది. ఇంజను ఆపితే ఆవిరి ఇక్కణ్ణించి పోతాది. బస్, అంతే."

ఊరూరంతా హడలిపోయిన దెయ్యం ఇదన్నమాట. వేరే రోజైతే పడీపడీ నవ్వుకోవాల్సిన సంగతి. గవరయ్య స్టీరింగ్ మీద తల ఆన్చి ఏడ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన అంత గట్టిగా ఏడవడం చిన్నమ్మి చూడలేదు. వీపు నిమురుతూ తనూ ఏడ్చింది. లోపలెక్కడో తేలిగ్గా అనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గేసింది.

నూకన్న విశాఖపట్నం ఓడలో ఇంకో విల్లీస్ రేడియేటర్ తెప్పించి బిగించాడు. ముగ్గురూ మళ్ళీ మలుపుకు పోయారు. ఇంజను ఆగింది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. చాలాసేపు చూసి గవరయ్య అన్నాడు. "పంతులుగారికి చెప్పమ్మీ. అమ్మకి చేసేద్దాం."

రేపు దహనమనగా చిన్నమ్మి పంతులుగారింట్లో దర్భలు తీసుకుని, తండ్రిని ఇంటికి తీసుకెళ్దామని నూకన్న షెడ్డుకి వచ్చింది. గవరయ్య బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నూకన్న తీసేసిన పాత రేడియేటర్‌ని ముందేసుకుని, అతుకు కరిగించి పై డబ్బా విప్పుతున్నాడు. రాగి ఎందుకైనా పనికొస్తుందని.

డబ్బా ఊడింది. లోపలంతా పసుపు.

"అరే, పాత డ్రైవరనిపించేవు గవరయ్యన్నా," నవ్వాడు నూకన్న. "కారతంటే పసుపేసి నెట్టుకొచ్చేవు. పొడి పోయి కన్నాలకి అడ్డంపడతాది. ఇదే లేకపోతే ఎప్పుడో పగిలిపోయేది. ఆ చీకట్లో, ఆ నీళ్ళ మధ్యన... సలసల కాగే నీళ్ళు మీద పడిపోయి పడుండేవోడివి."

గవరయ్య గ్లాసు కింద పెట్టాడు. "నేనెప్పుడూ పసుపెయ్యలేదురా."

"మరెవరేసారు?"

"దాని మీద ఎవర్ని చెయ్యెయ్యనిస్తాను? నీళ్ళు నేనే పోస్తాను. నీళ్ళే."

"అమ్మ... అమ్మ ఉన్నప్పుడు వేసిందేమో బాబాయ్," అంది చిన్నమ్మి.

నూకన్న మొహంలో నవ్వు పోయింది. "అల ఎల్లేక ఇదంతా కడిగింది నేనే కదమ్మీ. తేటనీళ్ళు వచ్చేదాకా కడిగేను." వేలితో అడుగునుంచి కొంచెం తీశాడు. వెలుతురుకేసి పట్టి చూశాడు. "పాతదైతే ఉడికి నల్లబడిపోవాల. ఇది... ఉండలు కూడా ఇడలేదు. బండిలోంచి ఇప్పేముందు మొన్నామధ్యన ఏసిందే."

చిన్నమ్మి ఒక చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపింది. ఇంట్లో తను కొనేది పాకెట్ పసుపు, మెత్తగా ఉంటుంది. ఇది గరుకు. కొమ్ములు రోట్లో దంచి, జల్లించే ఓపిక లేక అలాగే డబ్బాలో పోసిన పసుపు. అలా దంచే మనిషి వాళ్ళింట్లో ఒక్కతే ఉండేది.

ముగ్గురిలో ఎవరూ రెండోవాళ్ళ మొహం చూడలేదు.

గవరయ్య అడిగాడు. "దర్భలిచ్చేరా పంతులుగారు?"

"లేదు నాన్నా," అంది చిన్నమ్మి, దర్భలున్న చేతిసంచి మూతిని గట్టిగా పట్టుకుని.