సీలింగు మీది చేప

తిన్న పళ్ళాలు కూడా తుడిచి పెట్టెలో పెట్టేసింది అమ్మ. ఇక ఆ ఫ్లాటులో విప్పాల్సిందీ కట్టాల్సిందీ పెద్దగా ఏమీ మిగల్లేదు. పరుపుల్ని చుట్టగా చుట్టి గోడకి ఆనించారు. కర్టెన్లు తీసేసిన కిటికీలు, కళ్ళజోడు తీసేసిన మనుషుల్లా ఎటో చూస్తున్నాయి.

తూనీగ తన గదిలో వట్టి నేల మీద వెల్లకిలా పడుకుని ఉంది.

తూనీగ అసలు పేరు కాదు. ఒక్కచోట కుదురుగా వాలదని అమ్మ పెట్టిన పేరు. కానీ రోజులో ఒక్కసారి మాత్రం కదలకుండా ఉండేది. ఎండ వాలే వేళకి, ఈ గదిలో, ఇలాగే పైకి చూస్తూ.

ఆ వేళకి సీలింగు మీదికి చేప వస్తుంది.

పక్కింటి డాబా వీళ్ళ కిటికీ కంటే కిందికి ఉంటుంది. ఆ డాబా మీద ఒక నీళ్ళ తొట్టి. ఎండ ఆ నీళ్ళ మీద పడి, పైకి లేచి, కిటికీ సందులోంచి దూరి సీలింగుకి అంటుకుంటుంది. కిటికీ రెక్క సగం తెరిచి, కొక్కెం తగిలిస్తేనే ఆ వెలుగుకి తలా తోకా వస్తాయి. రెక్క బార్లా తీస్తే అది వట్టి మరక. మూసేస్తే అదీ లేదు.

తొట్టిలో నీళ్ళు కదిలితే చేప ఈదుతుంది. గాలి ఆగితే చేప కూడా ఆగి, కిందికి చూస్తుంది.

తూనీగ మాటలు రాకముందు నుంచే దాన్ని చూస్తోందట. అందుకేనేమో, ఆ చేప గురించి ఎవరికైనా చెప్పబోతే మాటలు సరిపోవు.

"తూనీగా! ఆ గదిలో ఏం చేస్తున్నావే? వ్యాను వచ్చేసింది!" వంటింట్లోంచి అమ్మ కేక.

"ఏం చెయ్యట్లేదు!"

"అదే నేనూ అంటున్నాను. ఆ చెయ్యకపోవడమేదో కొత్తింట్లో చేద్దువుగాని, రా!"

ఈ ఫ్లాటు అమ్మానాన్నల మొదటి ఇల్లు. వంటింట్లో ఇద్దరు నిలబడితే ఒకరు ఊపిరి బిగబట్టాలని అమ్మ అంటుంది. కొత్తిల్లు పెద్దది. తూనీగ గది ఇంతకు ఇంత. అందరికీ సంతోషంగానే ఉంది. తూనీగకీ ఉంది.

ఒక్కటే బెంగ. తను లేచి వెళ్ళిపోయినా, ఇంకో తూనీగ ఈ నేల మీద పడుకునే ఉండిపోతుందేమో. పైకి చూస్తూ. అందరూ తనని వదిలేసి వెళ్ళారని కూడా తెలియకుండా.

చేప తనతో వస్తే ఆ తూనీగ కూడా లేచి వచ్చేస్తుంది. అలా అనిపించింది. చేపని తెచ్చేది కొక్కెమే కదా.

నాన్న పనిసంచీ తలుపు పక్కనే ఉంది. నాన్న లిఫ్టు మెకానిక్. తూనీగని 'అసిస్టెంటూ' అని పిలుస్తాడు. ఎడమవైపు తిప్పితే విప్పడం, కుడివైపు తిప్పితే బిగించడం, విప్పిన స్క్రూల్ని డబ్బా మూతలో భద్రంగా పెట్టడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది. అక్షరాల కంటే ముందు.

స్క్రూడ్రైవర్ తీసింది. రెండు స్క్రూలు ఊడాయి. కొక్కెం చేతిలోకి వచ్చింది. ఒక స్క్రూ కింద పడి, దొర్లుకుంటూ ఎటో పోయింది. తూనీగ వెతకలేదు. మిగిలినదాన్ని కొక్కెంతో పాటు జేబులో వేసుకుంది.

పట్టు తప్పిన రెక్క మెల్లగా వెనక్కి వెళ్ళింది. సీలింగు మీద చేప సాగి, పలచబడి, మరకైపోయింది. తూనీగ అటు చూడకుండా గది బయటికి వచ్చేసింది. గౌను జేబులో కొక్కెం చల్లగా తగులుతోంది.

*

కొత్తింట్లో కిటికీలకి రెక్కలు లేవు. అద్దాలు పక్కకి జరుగుతాయి.

తూనీగ కొక్కేన్ని కిటికీ చట్రానికి ఆనించి పట్టుకుంది. ఈ మూల, ఆ మూల. పైన, కింద. సీలింగు తెల్లగా, తనెవరో తెలియనట్టు ఉంది. ఎండ అసలు ఈ వైపుకే రావడం లేదు. చేతిలో ఉన్నది ఇనప ముక్క. అంతే.

"ఏమే, గది నచ్చలేదా?" అమ్మ గుమ్మంలోంచి తొంగి చూసింది.

తూనీగ గుప్పిట మూసింది. "నచ్చింది."

"మరి చుట్టాలింటికి వచ్చినట్టు ఆ మూల నిలబడ్డావేం? కూర్చో. ఎవరూ ఏమీ అనరు. ఇల్లు మనదే."

ఆ రాత్రి కలలో కిటికీ ఒకటి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది, ఏదో చెప్పబోయి మానుకుంటున్న నోరులా.

మర్నాడు మధ్యాహ్నం నాన్న తల పట్టుకున్నాడు. "నిచ్చెన అక్కడే వదిలేశాం! రెండో తాళం చెవి కూడా ఇచ్చి రావాలి. వస్తావా అసిస్టెంటూ?"

"నిచ్చెనంత పొడుగు వస్తువుని మర్చిపోయిన మనిషికి అసిస్టెంటు ఉండాల్సిందే," అంది అమ్మ.

*

ఫ్లాటు గుమ్మం ముందు తెలియని చెప్పులున్నాయి. కొత్తగా దిగినవాళ్ళవి. తమ చెప్పులు ఉండే చోటే. తూనీగకి ఎక్కడ విడవాలో తోచలేదు.

తలుపు తీసినావిడ నెత్తికి తువ్వాలు చుట్టుకుని, చీపురు పట్టుకుని ఉంది. ఆవిడ చీర పట్టుకుని వెనక ఒక చిన్న పాప. ముందు పళ్ళు రెండూ లేవు.

"నిచ్చెన కోసమాండీ? రండి, రండి. ఇదుగో, ఇక్కడే..."

ఢామ్మని లోపల ఏదో కొట్టుకుంది. పాప గబుక్కున అమ్మ చీరలో మొహం దాచుకుంది.

"పొద్దున సామాను దింపిన దగ్గర్నుంచీ ఇదే వరసండీ," అందావిడ. "ఆ చిన్నగదిలో కిటికీ. ఎవరో కొక్కెం ఊడబీక్కుపోయారు. గాలి వేస్తే చాలు, ఇంతే. మా పాపేమో ఆ గదిలో అడుగు పెట్టనంటోంది. దీని మంచం వేసేది అక్కడేనాయె!"

"ఆ కిటికీకి మనమంటే కోపం," అంది పాప, చీరలోంచే.

నాన్న ఆ గదిలోకి వెళ్ళాడు. తూనీగ వెనకే వెళ్ళింది. గాలికి ఊగుతున్న రెక్కని నాన్న ఒక చేత్తో పట్టుకుని, చట్రం మీద మిగిలిన రెండు చిల్లుల్నీ బొటనవేలితో తడిమి చూశాడు.

"ఎవరూ పీక్కుపోలేదండీ. నిన్న సాయంత్రం దాకా మేమే ఉన్నాం. దానంతటదే ఊడి పడిపోయుంటుంది." ఆయన గొంతు తగ్గింది. "నేనే బిగించాను దీన్ని. మా పిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పుడు."

"పోనీలెండి, వస్తువన్నాక పాడవదా?"

"అలా కాదండీ. నేను లిఫ్టుల పని చేస్తాను. జనం ఎక్కుతారు, దిగుతారు. నేను బిగించింది ఊడిందంటే..."

ఆయన మాట ఆపేసి తన చేతుల వైపు చూసుకున్నాడు, వాటిని మొదటిసారి చూస్తున్నట్టు.

తూనీగ జేబులో చెయ్యి పెట్టింది. కొక్కెం వేలికి గుచ్చుకుంది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నాన్న వెళ్ళి కొత్త కొక్కెం కొనుక్కొచ్చి బిగిస్తాడు. అయిపోతుంది. కానీ రేపు ఏ లిఫ్టు ముందు నిలబడినా, నాన్న ఇలాగే తన చేతుల్ని చూసుకుంటాడు. బిగించిన స్క్రూనే మళ్ళీ బిగిస్తాడు. మళ్ళీ. మళ్ళీ.

"నాన్నా."

"ఊఁ?"

"అది ఊడలేదు. నేనే విప్పాను."

జేబులోంచి తీసి చెయ్యి చాపింది. చెమటకి కొక్కెం తడిసి ఉంది.

నాన్న కొక్కెం వైపు చూశాడు. తర్వాత తూనీగ వైపు.

"ఎందుకే?" అన్నాడు నాన్న.

ఎప్పటిలాగే మాటలు సరిపోలేదు. "చేప కోసం," అంది. ఆ మాట అంటుంటే ఏడుపొచ్చింది.

చీపురు పట్టుకున్నావిడ నోరు తెరవబోయి, తండ్రీ కూతుళ్ళ మొహాలు చూసి ఊరుకుంది. నాన్న సీలింగు వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి తూనీగ చేతిలో పెట్టాడు.

"స్క్రూలేవి?"

"ఒకటే ఉంది. ఇంకోటి దొర్లిపోయింది."

"అసిస్టెంటువి అయ్యుండి స్క్రూ పోగొట్టావా!"

అసలు తిట్టు అదే. తూనీగ మోకాళ్ళ మీద వంగి నేలంతా వెతికింది. తలుపు వెనక, గోడ మూలల్లో. ఎక్కడా లేదు. తలెత్తేసరికి గుమ్మంలో పాప నిలబడి ఉంది. ఒక గుప్పిట గట్టిగా మూసి ఉంది.

"నీ చేతిలో ఏముంది?"

"నాది."

"చూపించవూ?"

"ఇవ్వను. ఈ ఇంట్లో నాకు మొట్టమొదట దొరికింది ఇదే. గది గుమ్మం బయట మూల్లో నాకోసం దాక్కుంది."

తూనీగకి ఆ గుప్పిట తెలుసు. నిన్నంతా తన చెయ్యీ అలాగే ఉంది.

"తెచ్చిచ్చెయ్యవే, అక్కకి కావాలంట," అని పాప వాళ్ళమ్మ గదమాయించబోయింది.

"వద్దాంటీ, ఉండనివ్వండి," అంది తూనీగ. గుమ్మం దగ్గరికి వెళ్ళి పాప ముందు నేల మీద చతికిలబడింది. అరచేతిలో కొక్కెం చూపించింది. "ఇది నాదనుకున్నాను నేను కూడా. మా ఇంటికి తీసుకెళ్ళాను. అక్కడ ఇది ఏమీ చెయ్యలేదు. ఊరికే పడుంది."

పాప కొక్కేన్ని చూసింది. కిటికీని చూసింది. "దానికి కోపం పోతుందా?"

"నువ్వూ వచ్చి చూడు."

పాప చాలాసేపు ఆలోచించింది. తర్వాత గుప్పిట విప్పింది. లోపల స్క్రూ ఉంది, అరచేతిలో దాని అచ్చు పడింది. తూనీగ చెయ్యి పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ గదిలోకి వచ్చింది.

తూనీగ మొదటి స్క్రూ బిగించింది. రెండోది కాస్త తిప్పి, పాపని స్టూలు ఎక్కించి స్క్రూడ్రైవర్ అందించింది. "చివరి తిప్పు నువ్వు తిప్పు. కుడివైపుకి. గట్టిగా."

పాప నాలిక బయటపెట్టి తిప్పింది. నాన్న వచ్చి కొక్కేన్ని లాగి చూశాడు. ఇంకోసారి లాగి చూశాడు.

"ఇంక ఇది కదలదు," అన్నాడు. చేతులు దులుపుకుని నిచ్చెన తీసుకురావడానికి వెళ్ళాడు.

తూనీగ రెక్క సగం తెరిచి కొక్కెం తగిలించింది. ఎండ వాలింది. తను ఎప్పుడూ పడుకునే చోట వెల్లకిలా పడుకుంది. పాప కూడా వచ్చి పక్కన పడుకుంది. ఇద్దరూ పైకి చూశారు.

ముందు ఏమీ లేదు. తర్వాత ఒక వెలుగు మెల్లగా ఊరింది. వణికింది. తల వచ్చింది, తోక వచ్చింది.

పాప ఊపిరి బిగబట్టింది. "పడవ!" అంది.

కాదు, చేప. ఆ మాట తూనీగ గొంతు దాకా వచ్చింది. సీలింగు వైపు మళ్ళీ చూసింది. కింద డాబా మీద గాలి తొట్టిని తాకినట్టుంది, వెలుగు ఒక పక్కకి ఒరిగింది. ఒక్క క్షణం, ఎంత వెతికినా, తల ఎక్కడో తోక ఎక్కడో తెలియలేదు. నీళ్ళ మీద పోతున్న పడవే కనిపించింది.

"అవును, పడవే," అంది తూనీగ. "రోజూ ఈ వేళకి వస్తుంది. కొక్కెం తగిలించడం మర్చిపోకు."

నాన్న నిచ్చెన భుజానికెత్తుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "వెళ్దామా?"

తూనీగ లేచింది. తను లేచిన చోటికి పాప మెల్లగా జరిగి పడుకుంది, సీలింగు మీంచి చూపు తిప్పకుండానే.

కిటికీ చప్పుడు చెయ్యలేదు.