చెంబెడు చాక్లెట్ బీరు

"ఒక్క గుక్కకే మార్కులేసేస్తావా?" అన్నాడు కిరీటి.

"కాసేపు నోరు మూసుకో. వాసన చూస్తున్నా," అంది వినీల.

తిరువూరు శివార్లలో వినీల వాళ్ల మామిడితోటలోని షెడ్డు అది. వినీల నూజివీడులో ఓ జ్యూస్ ఫ్యాక్టరీలో రుచులు పరీక్షించే ఉద్యోగం చేస్తోంది. కిరీటి బెంగళూరులో బీరు తయారుచేస్తాడు. ఈసారి కొత్తగా చేసిన డార్క్ చాక్లెట్ స్టౌట్ అనే చిక్కటి బీరు సీసా ఒకటి తెచ్చాడు. షెడ్డులో గ్లాసుల్లేక చెంబులో పోయాల్సి వచ్చింది.

నల్లటి బీరు, పైన గోధుమరంగు నురుగు. ఆమె ఓ గుక్క నాలుక మీద తిప్పి కళ్లు మూసుకుంది. పదో తరగతి రిజల్ట్స్ నాడు కూడా కిరీటికి ఇంత గుండెదడ రాలేదు.

"ముందు మాడిన కాఫీ గింజ. తర్వాత చాక్లెట్. తీపి తక్కువ, బాగుంది. చివర చేదు మాత్రం పండక్కొచ్చిన చుట్టంలా కదలనంటోంది. పదికి ఏడు."

"ఏడేనా?"

"మిగతా మూడూ ధైర్యానికి. నీ పనేంటో నాన్నకి నువ్వే చెప్పు."

"ఫుడ్ కంపెనీ అంటే పోలా? పెళ్లయ్యాక మెల్లగా..."

"అబద్ధంతో వచ్చే పెళ్లికొడుకు నాకొద్దు. ఇవాళ చెప్పకపోతే ఇక నాకు ఫోన్ చెయ్యకు."

సరదాకి అన్న మాట కాదది. కిరీటికి నిజంగానే భయం వేసింది. ఈ పిల్ల లేకపోతే తనకు ఏ రుచీ పట్టదని అతనికి తెలుసు.

బయట బైకు ఆగింది. వినీల గబుక్కున చెంబును పక్కనున్న డ్రమ్ము మూత మీద పెట్టేసింది. ఆ డ్రమ్ములో ఉన్నది జీవామృతం. ఆవు పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి కలిపి పులియబెట్టిన ఎరువు. వినీల నాన్న వెంకటప్పయ్యకు ఆ డ్రమ్మంటే ప్రాణం. రోజూ చెంబుతో కాస్త తీసి వాసన చూడనిదే ఆయనకు తెల్లవారదు.

ఆయన వస్తూనే, పక్కనున్న కిరీటిని కూడా చూడకుండా, చెంబు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నువ్వు తీశావా అమ్మా? ఆ నురుగు చూడు. పేడ వాసన రవ్వంత లేదు. ఇన్నేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ పులవలేదు."

కిరీటి బీరును మెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, పేడ వాసన లేదని మెచ్చుకున్నవాళ్లు లేరు.

పెద్దాయన డ్రమ్ము మూత తీసి చెంబులోది తిరిగి అందులో వంచబోయాడు. వినీల కిరీటినే చూస్తోంది. నోరు విప్పకపోతే ఈ పూటకి గండం గడిచినట్టే.

"అది జీవామృతం కాదండి, బీరు. నేనే చేశాను. నా ఉద్యోగం అదేనండి. వినీలను నాకిచ్చి పెళ్లి చెయ్యమని అడగడానికొచ్చాను," అని ఒక్క ఊపిరిలో అనేశాడు.

వెంకటప్పయ్య అతన్ని ఎగాదిగా చూసి, చెంబు మరోసారి వాసన చూశాడు.

"బెల్లం ఎంత వేశావు?"

"బెల్లం కాదండి. చాక్లెట్, నల్లగా వేయించిన బార్లీ."

"ఎన్నాళ్లు పులిసింది?"

"పన్నెండు రోజులండి."

"ఓపికున్నవాడివే. ఎవరబ్బాయివి?"

కిరీటి ఒకడుగు వెనక్కి వేశాడు. "బస్టాండు దగ్గర పురుగుమందుల కొట్టు గిరిబాబు గారబ్బాయినండి."

వెంకటప్పయ్య పురుగుమందులు మానేసి ఆరేళ్లు. ఆ కొట్టు ముందు నుంచి వెళ్లాల్సివస్తే బైకు వేగం పెంచుతాడు. ఆయన చెంబు కింద పెట్టాడు.

"మీ నాన్న అమ్మేది చల్లితే తోటలో తేనెటీగ మిగల్లేదు. నువ్వు చేసేది తాగినోడు కనీసం పాటలన్నా పాడతాడు. మీ ఇంట్లో నయమైనవాడివి నువ్వే."

వినీల నవ్వాపుకోలేక అటు తిరిగింది.

"రేపు మీ అమ్మానాన్నల్ని మాట్లాడటానికి రమ్మను," అన్నాడు పెద్దాయన. "మీ నాన్నని మాత్రం చేతులు శుభ్రంగా కడుక్కుని రమ్మను."