రిగ్గై మూలింట్లో గీజర్

రిగ్గైలో చివరి సందు మూలనున్న ఇంటి వైపు ఆ చలికాలం ఎవరూ వెళ్లేవారు కాదు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి నాలుగైదు నెలలైంది. సగం ఇళ్లు ఖాళీ. తాళాలు పగలగొట్టి సోఫాలూ టీవీలూ లారీలకెక్కిస్తున్న రోజులు. కానీ ఆ ఒక్క ఇంటి జోలికి మాత్రం సైనికులు కూడా పోయేవారు కాదు.

ఇద్దరు కుర్ర సైనికులు అందులో పడుకున్నారట... తెల్లారి లేవలేదట. ఒంటి మీద గాయం లేదు, నెత్తుటి చుక్క లేదు. గుండెల మీద ఏదో ఎక్కి కూర్చుని ఊపిరి లాగేసిందని — రొట్టెల కోసం లైన్లో నిలబడ్డ ప్రతివాళ్లూ చెప్పుకునేవాళ్లే.

పెంచల్ కూడా అక్కడే విన్నాడు. అతనిది రాజంపేట దగ్గర పల్లె. మిర్కాబ్‌లో ప్లంబింగ్ కంపెనీలో పని. వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్, సరిహద్దు దాటిపోయాడు, కంపెనీ మూతపడింది, గోడౌను తాళంచెవి మాత్రం పెంచల్ దగ్గరే ఉండిపోయింది.

ఒకరోజు లైన్లో వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగారు.

"అన్నా... నువ్వు గీజర్లు బిగిస్తావంట గదా?"

రెడ్డెమ్మ. రాయచోటి పక్క మనిషి, అరబ్బు ఇంట్లో పనిచేసే ఆమె. ముఖం పాలిపోయి ఉంది. కళ్ల కింద నలుపు.

"ఎవురింట్లో?"

ఆమె అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించింది.

"ఆ మూలింట్లో."

"అది ఖాళీ గదమ్మా!"

"ఖాళీ కాదన్నా. నేను పనిచేసే ఇంటామె, మా హుస్నా మామా ఉంది, ఆమె చంటిపాప ఉంది. మామా మొగుణ్ని సైన్యమోళ్లు పట్టకపోయినారు. ఈమె కోసరమూ ఎతుకుతాండారు. పాత గీజర్ సరిగ్గా మండల్యా. పాపకు నీళ్లు కాగితే చాలంటాది మామా..." రెడ్డెమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగింది. "నీళ్ల సంగతి అట్టుండనీ అన్నా. రాత్రయితే ఆ చచ్చినోళ్లిద్దరూ వస్తాండారు. గుండె మింద కూచుంటారు. లేద్దామంటే కాళ్లూ చేతులూ రావు. నిన్న పాప ఎంత లేపినా చానాసేపు లేయలా..."

నావల్ల కాదమ్మా అనాలనే అనుకున్నాడు పెంచల్. పాప మాట విన్నాక రేపు వస్తాలే అన్నాడు.

మర్నాడు గోడౌనులోంచి కొత్త గ్యాస్ గీజర్ తీసి, దుప్పట్లో చుట్టి, తెలిసినతని వ్యానులో రిగ్గై దాకా తెచ్చాడు. అక్కణ్నుంచి భుజాన పెట్టుకుని నడక. అప్పుడే మసక చీకటి పడుతోంది. సందు మొదట్లో సైనికుడు తుపాకీ అడ్డం పెట్టాడు.

"వేన్?"

యాడికి అని అడిగితే ఏం చెప్పాలి? పెంచల్ చెయ్యి దానంతటదే మూలింటి వైపు లేచింది. తనకు వచ్చిన అరబ్బీలో — ఉండేందుకు చోటు లేదనీ, ఖాళీ ఇల్లు కదా అని అందులో పడుకుంటున్నాననీ, చలికి నీళ్లు కాచుకోవాలనీ చెప్పాడు.

సైనికుడు వెనక్కి జరిగాడు.

"మావాళ్లిద్దర్నీ బయటికి మోసింది నేనే," అన్నాడు మెల్లగా. "బుగ్గలు ఎర్రగా ఉన్నాయి... బతికున్నవాళ్లకి ఉన్నట్టు." ఇంకేమీ అడగలేదు. "యల్లా... పో."

రెడ్డెమ్మ వెనక తలుపు తీసింది. లోపల చీకటి. వెలుతురు బయటికి పోకుండా కిటికీలకన్నిటికీ దుప్పట్లు కొట్టి ఉన్నాయి. హుస్నా మామా ఒళ్లో పాప... మెడ వాల్చేసి ఉంది.

వంటింటి గోడకు పాత గీజర్. పాప స్నానానికని దాన్ని వెలిగించి అప్పటికే చాలాసేపైంది. మంట నీలంగా లేదు, పచ్చగా నాలుకలు చాస్తోంది. మూతంతా మసి.

నీళ్లు కాగేదాకా ఆర్పొద్దని రెడ్డెమ్మ అంటే, పెంచల్ మంట అలాగే ఉంచి మోకాళ్ల మీద కూర్చుని గోడ బోల్టులు వదులు చేస్తున్నాడు. కణతలు అదరడం మొదలైంది. తల బరువెక్కింది. స్పానరు చేతిలోంచి జారింది... తియ్యబోతే వేళ్లు ముడుచుకోవడం లేదు.

అప్పుడు చూశాడు.

మూలన, బియ్యం డబ్బా పక్కన... ఇద్దరు. మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు.

అరుద్దామంటే గొంతు లేదు. గుండె మీద ఎవరో కాలు పెట్టి తొక్కుతున్నట్టు... కడుపు మీద పాక్కుంటూ వెనక తలుపు దాకా పోయి, తలతో నెట్టాడు.

చల్లగాలి ముఖాన కొట్టింది. ఒకటి... రెండు... మూడు గుక్కలు పీల్చాడు. వెనక్కి తిరిగి చూస్తే మూలన బియ్యం డబ్బా ఒక్కటే ఉంది.

అప్పటికి గాని బుర్రలో వెలగలేదు — ఆ ఇద్దర్నీ చంపింది దయ్యం కాదు, గీజర్ విషగాలి.

"రెడ్డెమ్మా! పాపను బయటికి తే! దుప్పట్లు పీకేయ్!"

ఊపిరి బిగబట్టి లోపలికి ఉరికి గ్యాస్ కట్టేశాడు. వెనక వాకిట్లో హుస్నా మామా పాప వీపు రుద్దుతోంది, రుద్దుతోంది... చాలాసేపటికి పాప కుయ్యిమంది. ఆ మీదట గుక్కపట్టి ఏడ్చింది. సైనికులకు వినబడుతుందేమోనన్న భయం కూడా ఎవరికీ గుర్తులేదు.

ఇల్లంతా గాలాడాక పెంచల్ పాత గీజర్ ఊడదీశాడు. దాని పొగగొట్టం మిద్దె మీదికి పోతుంది. కమ్మీ వంచి లోపలికి దూర్చి లాగితే... మెత్తగా ఏదో తగిలింది. బలంగా లాగాడు.

మసి పట్టిన చీర. ఉండచుట్టి కూరిన చీర.

రెడ్డెమ్మ గోడకు చేరగిలబడిపోయింది.

"ఆ సైన్యమోళ్లిద్దరూ కింద దిగబడినప్పుడు మేము మిద్దె మింద గదిలో దాక్కోనుంటిమన్నా. పాప ఏడిస్తే మా పని అయిపోతుందని గొట్టంలో నేనే చీర కూరితి... గీజర్ పొగ ఎనక్కి తంతే దగ్గుకుంటా పోతారనుకుంటి. పోతారనుకుంటి, అంతే... మల్ల తీద్దామంటే అది లోపలికి జారిపాయ. వాళ్లు పోయినాక కిందికి దిగి, ఆ గుడ్డ సంగతే మర్చిపోతి. ఆ చచ్చినోళ్లే పాప కోసం వస్తాండారనుకుంటి..."

తెలుగు అర్థంకాని హుస్నా మామా వాకిట్లోంచి తొంగిచూసింది. అతని చేతిలో నల్లటి ముద్ద. "షినూ హాదా?" — ఏమిటది?

పెంచల్ రెడ్డెమ్మ వైపు చూడలేదు.

"పావురాల గూడు, మామా. పొగ పోనివ్వకుండా అడ్డం పడింది. ఖలాస్."

కొత్త గీజర్ బిగించాడు. మంట నీలంగా, నిలకడగా లేచింది. పాపకు వేడినీళ్లు పోశారు. కర్ఫ్యూలో బయటికి పోలేక పెంచల్ వంటింట్లోనే నడుం వాల్చాడు. వెనక తలుపు ఓరగా తెరిచే ఉంది. తల తేలిగ్గా ఉంది. ఇంట్లో మంచి గాలి.

ఏ జామునో మెలకువ వచ్చింది... ఎవరో మాట్లాడుతున్నారు.

ముందుగదిలో రెడ్డెమ్మ. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ నిద్రలోనే ఉంది. మోకాళ్ల మీద కూర్చుని, ఖాళీగా ఉన్న నేల మీద — ఈ పక్కన ఒకసారి, ఆ పక్కన ఒకసారి — రెండు చేతులతో తడిమి కుదుపుతోంది.

"లేయండి నాయనా... తెల్లారింది... లేయండి..."